నీళ్ళు కట్టని రోజులు

తోటాయన నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, తొడ దాకా పిండికట్టుతో ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడే ఆయన భార్య మోటారు గదికి తాళం వేసింది. తాళంచెవిని తాడుకు గుచ్చి మెడలో వేసుకుంది.

"ఇక నేను చెప్పేదాకా చెట్లకు చుక్క నీళ్ళు పోవు" అంది.

పక్కనే నిలబడ్డ మోటారు బాబాయి తల గోక్కున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ నిమ్మతోటలో మోటారు వేయడం, పైపులు చూసుకోవడం, చెట్ల మొదళ్ళ చుట్టూ పాదులు సరిచేయడం ఆయన పని. నీళ్ళు కట్టడం తప్ప ఇంకో పని తెలియని మనిషి.

"మరి నేనేం చెయ్యాలమ్మా?"

"మోటారు వెయ్యకుండా ఉండాలి బాబాయ్. ఈసారి అదే పెద్ద పని."

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది గుర్తింపు కార్డులోనే మిగిలిపోయింది. ఎనిమిదేళ్ళప్పుడు పళ్ళ డాక్టరు మత్తుమందు అయిపోయింది, రేపు రమ్మంటే "ఇవాళే పీకండి" అని భీష్మించుకుని కుర్చీ దిగలేదట. పన్ను చేతిలో పెట్టుకునే దిగింది. అప్పటి నుంచి అందరికీ మొండమ్మే. పెళ్ళయ్యాక ఆమెకంటే ముందు ఆ పేరే అత్తవారింటికి చేరింది.

ఆ తోటలో మూడువందల చిల్లర చెట్లున్నాయి. ఇల్లు మిట్ట మీద ఉంది. ఇంటికి ఆనుకుని ఉన్న సగం గులకరాళ్ళు కలిసిన గరుకు నేల, పల్లంలోని సగం బంకమన్ను. మూడేళ్ళుగా చెట్లు చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి కానీ కాపు లేదు. ఈ కొమ్మకు నాలుగు పూలు, ఆ కొమ్మకు రెండు పిందెలు, మిగతాదంతా ఆకే. కాసిన ఆ కాస్తా అందరి తోటలూ విరగకాసే రోజుల్లోనే చేతికొచ్చేది. ఎండాకాలంలో, నిమ్మకాయ కోసం జనం వెతుక్కునే రోజుల్లో, వీళ్ళ చెట్ల మీద ఒక్క కాయ ఉండేది కాదు. పైగా బోరులో నీళ్ళు ఏటికేడు కిందికి దిగుతున్నాయి. విసిగిపోయిన తోటాయన, ఎండలు ముదిరాక వచ్చి చెట్లు కొట్టుకుపొమ్మని కట్టెలాయనకు మాట కూడా ఇచ్చేశాడు.

ఆయన పడకముందు, వానలు వెనకబట్టే రోజుల్లో, తోటల ఆఫీసరు వచ్చింది. కుర్రపిల్ల. ఒక ఆకు తెంపి, వేళ్ళ మధ్య మడిచి చూసి, "మీ చెట్లు సుఖానికి మరిగాయండీ" అంది. రోజూ కాసిన్ని నీళ్ళు అందుతుంటే చెట్టుకు చిగురేసే ధ్యాసే తప్ప పూసే ధ్యాస ఉండదట. కొన్నాళ్ళు బెట్ట పెడితే, అంటే నీళ్ళు పూర్తిగా ఆపేస్తే, ఎదుగుదల ఆగిపోతుంది. ఆకులు వండిన తిండి కొత్త చిగుళ్ళకు ఖర్చవకుండా కొమ్మల్లోనే నిలవుంటుంది. కొమ్మలు ముదురుతాయి. ఆ పైన నీళ్ళిస్తే తోటంతా ఒక్కసారిగా పూతకొస్తుంది. చలి మొదలయ్యే ముందు ఆపి, చలిలో పూయిస్తే, ఎండాకాలానికి కాయ చేతికొస్తుంది.

"పుస్తకాల పిల్ల" అని ఆ అమ్మాయి అటు వెళ్ళగానే తోటాయన కొట్టిపారేశాడు. మొండమ్మ మాత్రం చెవులు రిక్కించి విని, ఆ అమ్మాయి ఫోను నంబరు రాసుకుంది.

నీళ్ళు ఆపడమంటే ఆయనకు భయం, దానికి కారణం ఉంది. చెట్లు నాటిన నాలుగో ఏడు వానలు మొహం చాటేశాయి. బోరు ఎండిపోయింది. చేత్తో నాటి పెంచిన మొక్కలు, ఆయన చూస్తుండగానే, ఆకులు దొప్పల్లా ముడుచుకుని, రాలి, సగానికి సగం పుల్లలైపోయాయి. ఆ తర్వాత మళ్ళీ నాటాడు, మళ్ళీ పెంచాడు కానీ, ఆకు కాస్త వాడితే చాలు ఆయనకు ప్రాణం విలవిల్లాడేది. వెంటనే మోటారు వేయించేవాడు.

ఇప్పుడు ఆయన మంచం కిటికీ పక్కనే ఉంది. కిటికీలోంచి చూస్తే మిట్టమీది మొదటి వరస, పదకొండు చెట్లు, ఎదురుగా కనిపిస్తాయి.

మొదటి వారం ఏమీ తెలియలేదు. పదో రోజుకు ఆకుల మెరుపు పోయింది. మధ్యాహ్నం ఎండకు ముడుచుకుని, సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ విచ్చుకునేవి. "పొద్దున్నే చూడండి. తెల్లారేసరికి తేరుకుంటే ఇంకా బెట్ట అందలేదని లెక్క. తెల్లవారినా ముడుచుకునే ఉంటే అందినట్టు" అని ఆఫీసరమ్మ ఫోన్లో చెప్పింది. మొండమ్మ రోజూ తెలవారుతూనే టీ గ్లాసుతో తోటలో ఒక చుట్టు చుట్టి వచ్చేది. ఇంట్లోకి అడుగు పెట్టగానే మొదలయ్యేది ఆయన పోరు.

"చంపేస్తున్నావే చెట్లని."

"చావవు."

"నీకెలా తెలుసు?"

"ముందు కాఫీ తాగండి. చల్లారిపోతోంది."

పదిహేనో రోజున ఆయన మందుల కోసం మొండమ్మ బజారుకెళ్ళింది. తిరిగొచ్చి గేటు తీస్తుంటేనే తడిమట్టి వాసన ముక్కుకు తగిలింది. కిటికీ ముందు పదకొండు పాదుల్లోనూ నీళ్ళు నిండుగా నిలిచి ఉన్నాయి. కంచె దగ్గర మట్టిలో రబ్బరు గొట్టం ఈడ్చిన జాడ, పక్కతోట వైపుకు.

ఆమె సంచి కింద పెట్టి గదిలోకి వెళ్ళింది. తోటాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నీళ్ళు ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఈ కాలుతోనా?"

"నోటితో" అన్నాడు ఆయన. దిండు కింద ఫోను మెరిసింది. "మీ పక్కతోట అన్నయ్యకు ఫోన్ చేశాను. పాపం, అతన్నేం అనకు. నేనే బతిమాలుకున్నాను."

మొండమ్మకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు దులుపుదామని నోరు తెరిచింది కూడా. ఆయన ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"చూడలేకపోతున్నానే. లేచి అటు పోలేను, కళ్ళు మూసుకుని ఉండలేను. ఆ ఏడు కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది."

ఆమె బయటికి వెళ్ళి సంచి తెచ్చింది. మందుల పొట్లం బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోముతూ ఉండిపోయింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

మర్నాడు పొద్దున్నే మోటారు బాబాయి కాయలు మోసే నాలుగు చక్రాల బండిని గుమ్మం దాకా తోసుకొచ్చాడు. అందులో పాత పరుపు వేసి ఉంది.

"ఏంటిది?" అన్నాడు తోటాయన.

"మీ వాహనం."

"నన్ను కాయల్లా తోసుకెళ్తారా?"

"కాయలుంటే కాయల్నే తోసేవాళ్ళం. లేవుగా, ఇప్పటికి మీరే" అంది మొండమ్మ.

బాబాయి చంకల కింద చేతులేసి, ఆమె పిండికట్టు కాలు పట్టుకుని, ఇద్దరూ కలిసి ఆయన్ను బండెక్కించారు. దారిలో ప్రతి గతుకుకూ ఆయన తిట్టాడు. తిట్టినంతసేపూ బండి ఆగలేదు. మిట్ట మధ్యలో, బాగా వాడిన చెట్టు పక్కన మొండమ్మ బండి ఆపించింది. పెన్సిలు మందం కొమ్మ విరిచి ఆయన చేతికిచ్చింది.

"గోరుతో గీకండి."

ఆయన గీకాడు. పైన బూడిదరంగు బెరడు లేచిపోయి, కింద లేతపచ్చ మెరిసింది. తడి కూడా తగిలింది.

"ఆ ఏడు చచ్చిన చెట్లను పీకిందెవరు?" అడిగింది.

ఆయన ఇంకోచోట గీకాడు.

"నేను, బాబాయి. మీరు ముసుగు తన్ని పడుకున్నారు. తప్పుపట్టడం లేదు, మీ వల్ల కాలేదు. కానీ చెట్టు ఎప్పుడు చస్తుందో నా చేతులకు తెలుసు. ఆకు ముడుచుకున్నప్పుడు చావలేదు. ఆకు రాలినప్పుడూ చావలేదు. కొస నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు కిందికి గీకుకుంటూ వచ్చేదాన్ని, ఎక్కడైనా పచ్చ కనపడుతుందేమోనని. పచ్చ కనపడిన చెట్టు ఒక్కటి కూడా పీకలేదు నేను. ఇప్పుడు మనకున్న పాత చెట్లు అవే."

తోటాయన ఆ కొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"మీరు ఆ ఏడు మాటెత్తనిచ్చారా?"

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. మొండమ్మ తెల్లవారగానే ఒక్కో వరస నుంచి ఒక్కో పుల్ల విరిచి, పళ్ళెంలో పెట్టుకుని తెచ్చేది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వరసగా గీకేవాడు. "పచ్చ. పచ్చ. ఇది కాస్త తగ్గింది. ఏ వరస?" డాక్టర్లు రక్తం పరీక్ష కాగితం చూసినట్టు చూసేవాడు. మంచమంతా బెరడు పొట్టే. దుప్పటి దులిపేటప్పుడు మొండమ్మ సణుక్కునేది గానీ, పళ్ళెం తేవడం మాత్రం ఒక్కపూట కూడా మానలేదు.

ఇరవై రెండో రోజుకు మిట్టమీది చెట్లు వరసగా మూడు రోజులు తెల్లవారినా ముడుచుకునే ఉన్నాయి. నాలుగో వంతు ఆకు రాలింది. ఆఫీసరమ్మ తోట మొత్తానికి ముప్ఫై రోజులని చెప్పింది. మొండమ్మ చెట్టు కింద కూర్చుని, మన్ను పిడికిట్లోకి తీసుకుని వదిలింది. పిండిలా జారిపోయింది. గరుకు నేల, చుక్క దాచుకోదు. ఇంకో వారం ఆగితే పచ్చ మిగలదు అనుకుంది. వెంటనే లేచి, మోటారు గది తాళం తీసి, మిట్ట వాల్వు మాత్రం తిప్పమని బాబాయికి చెప్పింది.

బాబాయి మొహం వెలిగిపోయింది. "దండిగా వదలమంటావా అమ్మా?"

"వద్దు. ఇవాళ గంట. రెండు రోజులాగి ఇంకాస్త. మెల్లగా పెంచుకుంటూ పోదాం. ఆకలితో ఉన్నవాడికి ఒక్కసారే విందు పెట్టకూడదు."

పల్లంలో మాత్రం నీళ్ళు వదల్లేదు. ముప్ఫయ్యో రోజున ఆఫీసరమ్మే స్వయంగా వచ్చింది. మిట్టకు ముందే నీళ్ళిచ్చేశారని విని కాస్త చిన్నబుచ్చుకుంది, మన్ను చూశాక తల ఊపింది. "సరేనండీ, పల్లానికి ఇవాళ వదిలెయ్యండి" అంది.

మొండమ్మ గునపం తెచ్చి, పల్లంలో ఒక చెట్టు పక్కన మోకాలి లోతు గుంట తవ్వింది. అడుగు మట్టి తీసి ముద్ద చేసి ఆ అమ్మాయి అరచేతిలో పెట్టింది. ముద్ద చెదరలేదు.

"ఇంకా తడుంది మేడం. ఆకులు కూడా తెల్లారేసరికి లేస్తున్నాయి. వీటికి ఇంకా దాహం తెలియలేదు."

"ఎక్కువైతే ప్రమాదమండీ."

"రోజూ చూస్తున్నాగా."

"మీ ఇష్టం. నేను చెప్పానని మాత్రం అనకండి" అని నవ్వింది ఆ అమ్మాయి. నవ్వుతూనే పుస్తకంలో ఏదో రాసుకుంది.

పల్లం చెట్లు ఒక్కో రోజూ నెమ్మదిగా దారికొచ్చాయి. ముప్ఫై ఎనిమిదో రోజున మొండమ్మ ఎప్పటిలా పుల్లలు తెచ్చింది. తోటాయన గీకుతూ గీకుతూ ఒక పుల్ల దగ్గర ఆగాడు. మళ్ళీ గీకాడు.

"ఇది ఎక్కడిది?"

"పల్లంలో చివరి మూల. నిన్నటిదాకా ఆ వరసలో మొదటి చెట్టు నుంచే తెచ్చాను. ఇవాళే మూల దాకా వెళ్ళాను."

ఆయన పుల్లను ఆమె వైపు తిప్పాడు. బెరడు కింద గోధుమరంగు. ఎండిపోయిన టీ మరకలా ఉంది.

మొండమ్మ దిగ్గున లేచింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ఆ మూల తొమ్మిది చెట్లు, ఆకులు రాలకుండా కొమ్మకే కరిచిపట్టుకుని ఎండిపోయి ఉన్నాయి. చుట్టూ చెట్లన్నీ ముడుచుకునే ఉండటంతో తెల్లవారుజాము మసకలో తేడా తెలియలేదు. ఆ క్షణమే పల్లం వాల్వు తిప్పించింది. పైపు నీళ్ళు ఆ మూలకు సన్నగా వస్తాయని, తనూ బాబాయీ బకెట్లతో మోసి తొమ్మిది పాదులూ తడిపారు. మూడు రోజులు అలాగే మోశారు. తొమ్మిదింటిలో మూడు తేరుకున్నాయి. ఆరు పోయాయి.

ఆమె వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడింది. చేతుల నిండా మట్టి.

"ఆరు చెట్లు చంపాను. మీరు అన్నట్టే అయింది" అంది.

ఆయన దెప్పుతాడనుకుంది. దెప్పలేదు.

"ఆ మూల అడుగున బండ ఉంది. నాటేటప్పుడు గునపం ఖంగుమంది. పైన మూరెడు మట్టే. అందుకే తొందరగా ఎండింది. నీకు చెప్పాల్సింది, పంతం కొద్దీ నోరు కట్టేసుకున్నాను."

"నేనూ అడగలేదుగా. అంతా నాకే తెలుసనుకున్నాను."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. పోయినవాటి గురించి మళ్ళీ మాట్లాడలేదు. పల్లం నీళ్ళ వంతులు ఏ రోజు ఎంతసేపో గోడ క్యాలెండరు మీద రాసుకుంది, రాసినట్టే చేసింది.

ఈలోగా మిట్ట మీద నీళ్ళిచ్చిన పన్నెండో రోజుకు కణుపుల దగ్గర సూదిమొనల్లాంటివి లేచాయి. చిగురో మొగ్గో తెలియదు. మొండమ్మ కళ్ళు చికిలించి చూసేది, తోటాయన పళ్ళెంలోని పుల్లలను వెలుతురుకు పెట్టి చూసేవాడు. ఇద్దరూ పందెం కాసినట్టు వాదించుకునేవారు. పదిహేడో రోజున తేలింది. గోధుమగింజంత తెల్లటి మొగ్గలు, ఆకు పక్కన ఆకు పక్కన, గుత్తులు గుత్తులు. మరో వారానికి మిట్టంతా విరగబూసింది. తేనెటీగల రొద ఇంట్లో కూర్చున్నా వినిపించేది.

కిటికీ ఎదురుగా ఉన్న పదకొండు చెట్లు మాత్రం నవనవలాడే లేత ఆకులేసుకుని దర్జాగా నిలబడ్డాయి. పూత లేదు. పలకరించడానికి వచ్చిన పక్కతోట అన్నయ్య కిటికీలోంచి చూసి నాలుక్కరుచుకున్నాడు.

"నా వల్లే కదమ్మా."

"మీదేముంది అన్నయ్యా, గొట్టం మీది, నోరు మా ఆయనది" అంది మొండమ్మ. తోటాయన మొదట మూతి ముడిచి, తర్వాత తనే ముందు నవ్వాడు.

పల్లం ఆలస్యంగా పూసింది, కానీ ఒత్తుగా పూసింది. పూత పిందె పట్టాక తోటాయనకు మళ్ళీ బెంగ. అప్పటికి పిండికట్టు విప్పారు, చంకకర్రల మీద పాదుల దాకా వస్తున్నాడు. చెట్ల కింద బఠానీగింజంత పిందెలు చాపలా రాలి ఉన్నాయి.

"అన్నీ రాలిపోతున్నాయే!"

"అన్నీ మొయ్యలేదు చెట్టు. మోయగలిగినవే ఉంచుకుంటుంది. మనం ఇప్పుడు నీళ్ళకు వేళ తప్పకుండా ఉంటే చాలు. ఒకరోజు ఎండబెట్టి, ఒకరోజు ముంచితే ఉన్నవి కూడా రాలతాయి, మిగిలినవి పగులుతాయి."

నీళ్ళకు ఇబ్బంది రాలేదు. మోటారు ఆగిన ఆ రోజుల్లో బోరు కూడా ఊపిరి పీల్చుకుంది. అంతకుముందు గంటకే గాలి పట్టే పంపు ఇప్పుడు రెండు గంటలు నిండుగా పోసేది. మోటారు బాబాయి గడియారం చూసి వేసేవాడు, గడియారం చూసి ఆపేవాడు. ఒక నిమిషం అటూ ఇటూ కానిచ్చేవాడు కాదు.

ఎండలు ముదిరాయి. అందరి తోటలూ ఖాళీగా ఉన్నప్పుడు వీళ్ళ మిట్ట మీద కొమ్మలు బరువుకు నేలకు వంగాయి. చెప్పిన మాట ప్రకారం కట్టెలాయన టేపు పట్టుకుని, మొదళ్ళ చుట్టుకొలత తీసుకోవడానికి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడిపోయాడు. తోటాయన అతని చేతిలో పది కాయలు పెట్టి, "ఇంటికెళ్ళి చల్లగా షర్బతు కలుపుకో. ఈ చెట్లు కొట్టే పని లేదిక" అన్నాడు. అతను కాయ వాసన చూసి, టేపు జేబులో వేసుకుని, ఇంకో నాలుగడిగి పట్టుకుపోయాడు.

కోత సగం అయ్యాక ఒక పొద్దున మొండమ్మ గునపం భుజాన వేసుకుని పల్లం చివరి మూలకు వెళ్ళింది. ఆరు మోళ్ళనూ బాబాయి అప్పటికే తవ్వి తీసేశాడు. ఆమె అడుగడుక్కీ గునపం దించి, ఖంగుమన్న చోటల్లా ఒక పుల్ల గుచ్చుతోంది. తోటాయన చేతికర్రతో నెమ్మదిగా వచ్చి పక్కన నిలబడ్డాడు. పుల్లలు ఒక్కొక్కటే అందించసాగాడు.

"బండ ఎక్కడిదాకా ఉందో తేలితే, ఈ మూలకు వేరే వాల్వు పెట్టిస్తాను. మిగిలిన మూడింటికీ బెట్ట లెక్క వేరే" అంది.

"ఎన్ని రోజులు?"

"పద్నాలుగు."

"పద్నాలుగా? చాల్లే. పన్నెండుకే చూడాలి. ఆ గునపం చప్పుడు విన్నవాణ్ణి నేను."

"పుల్లలు గీకి చూద్దాం."

"గీకుదాం. కానీ పన్నెండో రోజు నుంచి."

ఆమె గునపం మళ్ళీ దించింది. ఈసారి ఖంగుమనలేదు, మెత్తగా దిగబడింది. పైకి లాగి, మొనకు అంటుకున్న మన్ను వేళ్ళతో నలిపి చూసింది. "ఇటువైపు నాటొచ్చు. ఆరు గుంటలు పడతాయి" అంది. ఆయన చేతికర్రతో నేల మీద మొదటి గుంటకు గుండ్రం గీశాడు.